ఆయన్నడిగితే చెప్తాడు

ప్రతి ప్రాజెక్టులోనూ ఒకాయన ఉంటాడు. ఆఫీసు హోదాల్లో ఆయన పేరు ఎక్కడో కింది వరసలో ఉంటుంది, జీతమూ అంతంతమాత్రమే. కానీ ప్రొడక్షన్ డేటాబేస్ పాస్‌వర్డ్ ఏమిటని కొత్తగా చేరిన కుర్రాడు అడిగితే, మేనేజరు నుంచి టెస్టింగ్ అమ్మాయి దాకా అందరూ చెప్పేది ఒకటే మాట: ఆయన్నడుగు. కాన్ఫిగ్ ఫైల్లో ఆ టైమౌట్ 37 సెకన్లని ఎవరు పెట్టారు, దాన్ని 40 చేస్తే ఏమవుతుంది, రాత్రి బ్యాచ్ జాబ్ ఎవరి అకౌంట్ మీద నడుస్తోంది... ఆయన్నే అడగాలి. చెల్లెలి పెళ్ళికని ఆయన ఇండియా వెళ్తే, తిరిగొచ్చేదాకా సర్వర్ రీస్టార్ట్ చెయ్యడానికి ఎవరికీ చెయ్యాడదు.

న్యూజెర్సీలోనూ తర్వాత టెక్సస్‌లోనూ నేను పనిచేసిన చోట్ల ఈ ‘ఆయన’ చాలాసార్లు మనవాడే. అందులో వింతేం లేదు. తొంభైల చివర్లో వైటూకే భయంతో అమెరికా కంపెనీలు తమ పాత కోబాల్ ప్రోగ్రాముల్ని తెచ్చి మనవాళ్ళ చేతుల్లో పెట్టాయి. ఆరు నెలల కాంట్రాక్టని వచ్చి, ఎక్స్‌టెన్షన్ మీద ఎక్స్‌టెన్షన్‌తో పదేళ్ళు ఒకే క్లయింటు దగ్గర ఉండిపోయినవాళ్ళు ఎందరో. ఆ కంపెనీ సొంత ఉద్యోగులు మారిపోయారు, డైరెక్టర్లు మారిపోయారు, ఒక్కోచోట కంపెనీ పేరే మారిపోయింది. కాంట్రాక్టరు మాత్రం అదే మూల సీటులో ఉన్నాడు. హెచ్‌వన్ వీసా గడువు ఒకవైపు, కదలని గ్రీన్‌కార్డు క్యూ ఇంకోవైపు. అలాంటి మనిషికి ‘ఇది నాకు తప్ప ఇంకెవరికీ తెలీదు’ అన్నది ఎంతో కొంత ధైర్యం. పే స్లిప్పులో కనపడని భరోసా. దాన్ని ఉత్త స్వార్థమని కొట్టిపారెయ్యడానికి నాకు మనసొప్పదు.

అయినా మా వృత్తి అరవై ఏళ్ళుగా చేస్తున్న పనేమిటంటే, ఆయన అవసరం లేకుండా చెయ్యడం. పాస్‌వర్డుల చరిత్రని నేను రహస్యం తెలిసినవాళ్ళ సంఖ్య తగ్గుతూ వచ్చిన కథగానే చదువుతాను.

కథ ఎంఐటీలో మొదలవుతుంది. 1960ల మొదట్లో ఫెర్నాండో కార్బటో బృందం సీటీఎస్‌ఎస్ అనే వ్యవస్థ కట్టింది. ఉన్న ఒక్క కంప్యూటర్నీ చాలామంది ఒకేసారి వాడుకోవాలి, ఎవరి ఫైళ్ళు వాళ్ళకే ఉండాలి, ఎవరు ఎంతసేపు వాడారో లెక్క తేలాలి. అందుకని మనిషికో పాస్‌వర్డ్. 1962లో అలన్ షెర్ అనే పరిశోధక విద్యార్థికి వారానికి ఇచ్చిన నాలుగు గంటలు చాలలేదు. పాస్‌వర్డుల ఫైలు ప్రింట్ చెయ్యమని ఒక పంచ్ కార్డు పెట్టి వెళ్ళి, మర్నాడు పొద్దున్నే వచ్చి కాగితాలు పట్టుకుపోయాడు. పాతికేళ్ళ తర్వాత ఆ సంగతి తనే బయటపెట్టాడు. 1966లో ఇంతకంటే తమాషా జరిగింది. ఒక నిర్వాహకుడు ఆ రోజు లాగిన్ కాగానే కనపడాల్సిన స్వాగత సందేశం రాస్తున్నాడు, ఇంకొకరు పాస్‌వర్డుల ఫైలు దిద్దుతున్నారు. ఇద్దరూ వాడుతున్న ఎడిటర్‌కి తాత్కాలిక ఫైలు పేరు ఒక్కటే. రెండూ తారుమారై, టెర్మినల్ ముందు కూర్చున్న ప్రతివాడికీ స్వాగత సందేశానికి బదులు ఊరందరి పాస్‌వర్డులూ వరసగా ముద్రించి కనపడ్డాయి. మొదటి పాస్‌వర్డుల వ్యవస్థే ఇలా కాన్ఫిగరేషన్ పొరపాటుతో గుట్టు రట్టు చేసుకుంది. ఆ తర్వాత జరిగినవాటిల్లో సగం దీనికి పెద్ద సైజు ముద్రణలే.

ఆ ఫైల్లో పాస్‌వర్డులు ఉన్నవున్నట్టు ఉండటమే అసలు తెగులు. దాని మందుని లోకానికి వివరంగా చెప్పినవాళ్ళు బెల్ ల్యాబ్స్‌కి చెందిన రాబర్ట్ మారిస్, కెన్ థాంప్సన్. పాస్‌వర్డ్‌ని తిరిగి విప్పలేనట్టు మార్చి, ఆ మార్చినదాన్నే దాచాలి. మనిషి టైప్ చేసింది కూడా అలాగే మార్చి, రెండూ ఒకటా కాదా అని చూస్తే చాలు. అంటే యంత్రానికి మన పాస్‌వర్డ్ తెలియనక్కర్లేదు. 1979 నవంబరులో కమ్యూనికేషన్స్ ఆఫ్ ది ఏసీఎం అనే పత్రికలో వాళ్ళ వ్యాసం అచ్చయింది. తెలియకుండానే సరిచూడొచ్చన్న ఆలోచన నాకిప్పటికీ అబ్బురమే. కొసమెరుపేమిటంటే, యూనిక్స్ తొలిరోజుల ఫైళ్ళలో మిగిలిపోయిన థాంప్సన్ గారి సొంత పాస్‌వర్డ్‌ని 2019లో ఒక ఔత్సాహికుడు నాలుగు రోజులకు పైగా కంప్యూటర్ని శ్రమపెట్టి ఛేదించాడు. తీరా చూస్తే అది చదరంగంలో ఒక ఎత్తు: మంత్రి ముందున్న బంటుని రెండు గళ్ళు ముందుకు జరపడం. థాంప్సన్ అభినందనలు చెప్పి ఊరుకున్నాడు.

ఈ మందు మనిషి యంత్రం తలుపు కొట్టినప్పుడు పనిచేస్తుంది. ఒక ప్రోగ్రాం ఇంకో ప్రోగ్రాం తలుపు కొట్టేటప్పుడు పనికిరాదు. అర్ధరాత్రి రెండింటికి బిల్లింగ్ ప్రోగ్రాం లేచి డేటాబేస్‌తో మాట్లాడాలంటే, అసలు పాస్‌వర్డ్ దాని చేతిలో ఉండాలి. దానికి జ్ఞాపకం లేదు, విచక్షణ లేదు, ఎవరడిగినా చెప్పకూడదన్న బుద్ధీ లేదు. ఎక్కడో రాసి పెట్టాలి. దగ్గర్లో ఉన్న చోటు కోడ్ కనక కోడ్‌లోనే రాసేశారు. తలుపుకి తాళం వేసి, తాళంచెవి గడప పైన గూట్లో పెట్టి, ఎవరికీ కనపడదులెమ్మని ఊరెళ్ళిపోయే ఇల్లాలి ధీమా లాంటిదే ఇదీ.

కోడ్ ఒకరి డెస్క్ కింది కంప్యూటర్లో ఉన్నంతకాలం ఆ ధీమా చెల్లింది. 2005లో లైనస్ టోర్వాల్డ్స్ కోడ్ మార్పుల చరిత్రని దాచే గిట్ రాశాడు, దాని మీద కోడ్ పంచుకునే గిట్‌హబ్ వచ్చింది. గిట్ స్వభావమే మరచిపోకపోవడం. ఇవాళ పొరపాటున కమిట్ చేసిన పాస్‌వర్డ్‌ని రేపు తీసేసి మళ్ళీ కమిట్ చేస్తే, తాజా ఫైల్లో కనపడదు, చరిత్రలో భద్రంగా ఉంటుంది. ఆ కోడ్ ఉన్న రెపోని, అంటే కోడ్ భాండారాన్ని, ఎవరు కాపీ చేసుకున్నా చరిత్రతో సహా వెళ్తుంది. దానికి అసలైన విరుగుడు చెరపడం కాదు, ఆ పాస్‌వర్డ్‌నే రద్దు చేసి కొత్తది పెట్టడం. చెప్పడానికి తేలికే. ఆ పాత పాస్‌వర్డ్ ఎన్ని ప్రోగ్రాముల్లో ఉందో తెలిసినవాడు ఒక్కడే ఉంటాడు, ఆయనేమో పెళ్ళికెళ్ళాడు.

2019లో నార్త్ కరొలైనా స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు గిట్‌హబ్‌లో బహిరంగంగా ఉన్న కోడ్‌ని జల్లెడ పట్టి, లక్షకు పైగా రెపోల్లో ఇలాంటి తాళంచెవులు బయటపడి ఉన్నాయని, రోజూ కొత్తగా వేలల్లో వచ్చి చేరుతున్నాయని తేల్చారు. ఊబర్ కథ దీనికి పాఠ్యపుస్తకం. 2014లో వాళ్ళ ఇంజనీరొకరు అమెజాన్ క్లౌడ్ తాళంచెవి ఉన్న కోడ్ ముక్కని గిట్‌హబ్‌లో అందరికీ కనపడేట్టు పెట్టారు. కంపెనీ మొదట చెప్పిన లెక్క ప్రకారం 50 వేలమంది డ్రైవర్ల వివరాలు పోయాయి. గట్టి దెబ్బే తగిలింది కదా, బుద్ధొస్తుందనుకుంటాం. 2016లో మళ్ళీ అదే. ఈసారి కోడ్ ప్రైవేటు రెపోలోనే ఉంది. కానీ ఇంజనీర్లు వేరే చోట్ల కూడా వాడగా అక్కడ బయటపడిన పాస్‌వర్డులతోనే దొంగలు అందులోకి దూరారు. లోపల క్లౌడ్ తాళంచెవి సిద్ధంగా ఉంది. 5.7 కోట్లమంది వివరాలు వెళ్ళిపోయాయి. కంపెనీ దొంగలకి లక్ష డాలర్లిచ్చి, ఏడాది పాటు గుంభనంగా ఉండి, 2017 నవంబరులో ఒప్పుకుంది. రాష్ట్రాలన్నిటితో రాజీకి 14.8 కోట్ల డాలర్లు కట్టింది. భద్రతాధికారి జో సల్లివన్‌ని దాచిపెట్టిన నేరానికి 2022లో జ్యూరీ దోషి అంది; మరుసటేడు మూడేళ్ళ ప్రొబేషన్‌తో బయటపడ్డాడు. ఒకప్పుడు ఆయనే ఫెడరల్ ప్రాసిక్యూటరు.

కోడ్‌లోంచి రహస్యాల్ని బయటికి తియ్యాలని అంతకుముందే చెప్పినవాళ్ళున్నారు. 2011లో హెరోకు కంపెనీకి చెందిన ఆడమ్ విగిన్స్ ‘ట్వెల్వ్ ఫ్యాక్టర్’ పేరుతో పన్నెండు నియమాలు రాశాడు. మూడోది కాన్ఫిగరేషన్ గురించి. చోటుని బట్టి మారేదేదీ కోడ్‌లో ఉండకూడదు, ప్రోగ్రాం నడిచే పరిసరాల్లోంచి రావాలి. ఆయన పెట్టిన పరీక్ష నాకు భలే నచ్చుతుంది: ఈ క్షణాన నీ కోడ్ మొత్తం లోకానికి చూపిస్తే ఏ తాళంచెవైనా బయటపడుతుందా? పడదంటే పాసైనట్టు. నేను చూసిన ప్రాజెక్టుల్లో ఈ పరీక్షకి నిలిచేవి ఎన్నో చెప్పమంటే మొహమాటపడతాను.

అప్పట్నుంచి డాట్ ఈఎన్‌వీ ఫైలు అనే సంప్రదాయం వచ్చింది. రహస్యాలన్నీ ఒక చిన్న ఫైల్లో రాసి, అది గిట్‌లోకి పోకుండా గిట్ఇగ్నోర్‌లో దాని పేరు చేరుస్తాం. బాగానే ఉంది. మరి కొత్తగా చేరినవాడికి ఆ ఫైలు ఎక్కణ్ణుంచి వస్తుంది? ఆయన్నడుగుతాడు. ఆయన మంచివాడు, చాట్‌లో పంపిస్తాడు. అదిక ఆ చాట్‌లో ఏళ్ళ తరబడి ఉంటుంది. గిట్ నుంచి తప్పించినది మెసేజీల్లో స్థిరపడుతుంది.

ఆ ఫైళ్ళలో కనపడే పాస్‌వర్డుల గురించి కాస్త చెప్పుకోవాలి. పాత సర్వర్లు చూస్తే దాన్ని పెట్టింది మనవాడా కాదా ఇట్టే తెలిసిపోతుంది. బాలాజీ, సాయిరామ్, వెనక ఒక ‘యాట్’ గుర్తూ 123. కొంచెం హుషారైనవాడైతే అభిమాన హీరో సినిమా పేరు, విడుదలైన సంవత్సరం. అమెరికన్లదైతే పెంపుడు కుక్క. పెద్దక్షరం, చిన్నక్షరం, అంకె, గుర్తు తప్పనిసరి అన్న నియమం అందరికీ ఇలాంటి దారే చూపించింది. ఆ నియమాలకి మూలం, అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2004లో వెలువరించిన పత్రం. రాసింది బిల్ బర్. మూడు నెలలకోసారి మార్చాలంటే జనం చివరి అంకె ఒకటి పెంచి ఊరుకుంటారని ఆయన అప్పుడు ఊహించలేదు. పదవీ విరమణ చేశాక, 2017లో, తను రాసినదానిలో చాలాదానికి ఇప్పుడు చింతిస్తున్నానన్నాడు. అదే ఏడు నిస్ట్ కూడా గడువు ప్రకారం మార్పించక్కర్లేదని, పొడవుగా ఉంటే మేలని తన మాట మార్చుకుంది. మా కంపెనీల ఐటీ శాఖలు చాలావాటికి ఆ వార్త ఇంకా అందినట్టు లేదు.

రహస్యాల గురించే మాట్లాడుకుంటూ పోతే ఒక పొరపాటు జరుగుతుంది. పాస్‌వర్డ్ అనగానే అందరూ జాగ్రత్తపడతారు. పక్కనే ఉన్న మామూలు సెట్టింగ్‌ని ఎవరూ లెక్కచెయ్యరు, అందులో దాచాల్సిందేమీ లేదు కనక. కానీ ఒక సెట్టింగ్‌కి అర్థమేమిటో ఒక్కడికే తెలిసినప్పుడు అది కూడా రహస్యమే. నైట్ క్యాపిటల్ అనే షేర్ల వ్యాపార సంస్థ దీనికి చెల్లించిన ధర 46 కోట్ల డాలర్లకు పైగా, ముప్పావుగంటలో.

ఆ సంస్థ సాఫ్ట్‌వేర్లో పవర్ పెగ్ అనే పాత పద్ధతి ఒకటుండేది. 2003లోనే వాడటం మానేశారు. కోడ్ మాత్రం తియ్యలేదు. దాన్ని మేల్కొలిపే ఫ్లాగ్ ఒకటుంది. ఖాళీగానే ఉంది కదాని 2012లో కొత్త పద్ధతికి అదే ఫ్లాగ్ వాడుకున్నారు. కొత్త కోడ్‌ని ఎనిమిది సర్వర్ల మీద పెట్టాలి. టెక్నీషియన్ ఏడింటి మీద పెట్టాడు. ఎనిమిదోది మిగిలిపోయింది. ఇంకొకరు సరిచూసే ఏర్పాటు లేదు. ఆగస్టు 1 ఉదయం మార్కెట్ తెరవగానే ఆ ఎనిమిదో సర్వర్లో, తొమ్మిదేళ్ళు నిద్రపోయిన పవర్ పెగ్ లేచి కూర్చుంది. ఖాతాదారులిచ్చిన 212 ఆర్డర్ల కోసం 154 కంపెనీల షేర్లు 39.7 కోట్లకు పైగా కొంటూ అమ్ముతూ పోయింది. మార్కెట్ తెరవకముందే ‘పవర్ పెగ్ డిసేబుల్డ్’ అంటూ 97 ఈమెయిళ్ళు ఉద్యోగులకి వెళ్ళాయి. ఎవరూ పట్టించుకోలేదు, అవి హెచ్చరికలని ఎవరికీ తెలీదు. కారణం అర్థంకాక కంగారులో మిగతా ఏడు సర్వర్ల మీంచి కూడా కొత్త కోడ్ తీసేశారు. దాంతో ఎనిమిదింట్లోనూ పవర్ పెగ్ లేచింది. అమెరికా షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ ఎస్‌ఈసీ 2013లో ఇచ్చిన ఉత్తర్వులో ఇదంతా వరసగా ఉంది; కాన్ఫిగరేషన్ మీద ఏ పుస్తకం చదివినా అంత నేర్చుకోలేం. పవర్ పెగ్ అంటే ఏమిటో ఎరిగిన పాతకాపు ఆ పొద్దున ఆ గదిలో ఉండుంటే ఏమయ్యేదో అని నేనెప్పుడూ అనుకుంటాను. ‘ఆయన’ ఉండటం ఎంత ప్రమాదమో, ఆయన పోయాక ఆయన రాసింది ఉండిపోవడం అంతకంటే ప్రమాదం.

‘ఆయన’ల్లోకెల్లా పేరుమోసినవాడు టెర్రీ చైల్డ్స్. శాన్‌ఫ్రాన్సిస్కో నగరపాలక సంస్థలో నెట్‌వర్క్ ఇంజనీరు. నగరం ఆఫీసుల్ని కలిపే ఫైబర్‌వాన్ నెట్‌వర్క్‌ని కట్టి, కంటికి రెప్పలా చూసుకున్నది ఆయనే. రూటర్ల పాస్‌వర్డులు ఆయనకొక్కడికే తెలుసు. 2008 జూలైలో పై అధికారులు మీటింగ్ పెట్టి అవి చెప్పమన్నారు. గదిలో ఉన్నవాళ్ళు కాక స్పీకర్ ఫోన్లో అవతల ఇంకా కొందరున్నారు. చైల్డ్స్ పనిచెయ్యని పాస్‌వర్డులేవో చెప్పాడు, నిజమైనవి చెప్పలేదు. అరెస్టు చేశారు. బెయిలు 50 లక్షల డాలర్లన్నారు. హత్యకేసుల్లో అడిగేదానికంటే ఎక్కువని అప్పట్లో జనం ముక్కున వేలేసుకున్నారు. చివరికి జూలై 21న మేయర్ గావిన్ న్యూసమ్ తనే జైలుకి వెళ్ళాడు. నమ్మదగ్గ మనిషి ఆయనొక్కడేనని చైల్డ్స్ పాస్‌వర్డులు ఆయన చేతిలో పెట్టాడు. చైల్డ్స్ జైల్లో ఉన్న ఆ రోజులన్నీ నెట్‌వర్క్ ఒక్క క్షణం ఆగలేదు. 2010 ఏప్రిల్‌లో జ్యూరీ దోషి అంది, ఆగస్టులో నాలుగేళ్ళ శిక్ష పడింది. జ్యూరీ సభ్యుల్లో ఒకరు స్వయంగా నెట్‌వర్క్ ఇంజనీరు కావడం యాదృచ్ఛికమే అయినా, తీర్పు మీద నాకున్న అనుమానాలు దాంతో చాలావరకు తీరాయి.

చైల్డ్స్ చేసింది తప్పే. నెట్‌వర్క్ ఊరిది, ఆయనది కాదు. కానీ ఆయన వాదనలో కొట్టెయ్యలేని ముక్క ఒకటుంది: స్పీకర్ ఫోన్లో ఎవరు వింటున్నారో తెలియకుండా రహస్యం ఎలా చెప్పను? ఎవరికి చెప్పొచ్చో ముందే రాసిపెట్టని ఆఫీసుకి, చెప్పనన్నవాణ్ణి చూసి ఆశ్చర్యపోయే హక్కు సగమే ఉంటుంది. ఇలాంటివాళ్ళు నాకు తెలుసు. జీవితంలో దేనిమీదా పట్టులేని మనిషికి పట్టు దొరికిన చోటు అది.

ఇంకో రకం తెలిసినవాళ్ళూ ఉంటారు. మన హైదరాబాద్ కథే. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ అధిపతి రామలింగరాజు లెక్కల్లో మోసం చేశానని ఉత్తరం రాశాక, దర్యాప్తుచేసినవాళ్ళకి ఏడు వేలకు పైగా దొంగ ఇన్‌వాయిస్‌లు దొరికాయి. అన్ని వేల బిల్లులు కంపెనీలో ఎవరి కంటా పడకుండా ఎలా ఉన్నాయి? బిల్లుల సాఫ్ట్‌వేర్లో సూపర్ యూజర్‌గా వెళ్ళి వాటికో గుర్తు పెట్టారు. ఆ గుర్తున్నవి ఆదాయం లెక్కలోకి వస్తాయి, ప్రాజెక్టులు నడిపేవాళ్ళ తెరల మీద మాత్రం కనపడవు. అంతే, ఒక సెట్టింగ్. అప్పట్లో అమెరికాలో క్లయింట్ల దగ్గర పనిచేస్తున్న సత్యం కుర్రాళ్ళు తాము ఎన్నడూ చెయ్యని పనికి తమ కంపెనీ బిల్లు వేసిందని పేపర్లో చదువుకున్నారు. ఒక్కడికే తెలిసిన వ్యవస్థలో ఆ ఒక్కడు చైల్డ్స్ లాంటి మొండివాడైతే అది అదృష్టమనుకోవాలి.

తప్పు బయటపడ్డప్పుడు అది ఎవరి మెడకి చుట్టుకుంటుందో కూడా చూశాం. సోలార్‌విండ్స్ కంపెనీ సర్వర్‌కి కంపెనీ పేరు పక్కనే 123 చేర్చి పాస్‌వర్డ్ పెట్టారని తెలిసి, 2021 ఫిబ్రవరిలో అమెరికా కాంగ్రెస్ విచారణలో నిలదీస్తే, అదొక ఇంటర్న్ చేసిన పొరపాటన్నారు. ఆ కంపెనీ సాఫ్ట్‌వేర్ ద్వారా జరిగిన, రష్యన్ల పని అని అమెరికా చెప్పిన పెద్ద చొరబాటుకి ఈ పాస్‌వర్డే దారని రుజువు కాలేదనుకోండి. అయినా ఇంటర్న్‌కి అంత తాళంచెవి ఇచ్చిందెవరు?

ఇక తెలిసినవాళ్ళే లేకుండా చేసే విద్య దగ్గరికొద్దాం. ఇందాక చెప్పిన 1979 నవంబరు పత్రిక, మారిస్, థాంప్సన్‌ల వ్యాసం వచ్చిన అదే సంచికలో, ఇరవై పేజీలైనా దాటకుండా ఇంకో వ్యాసముంది. అడి షమీర్ రాసింది, రెండే పేజీలు. పదకొండుమంది శాస్త్రజ్ఞులు ఒక బీరువాలో పత్రాలు దాచారు. ఆరుగురు కలిస్తేనే తెరుచుకోవాలి, అయిదుగురొస్తే తెరుచుకోకూడదు. మామూలు తాళాలతో ఇది చెయ్యాలంటే 462 తాళాలు కావాలి, ఒక్కొక్కరూ 252 తాళంచెవులు మొయ్యాలి. షమీర్ దీన్ని బడిలో నేర్చుకునే గణితంతో తేల్చేశాడు. రెండు బిందువులుంటే సరళరేఖ ఒక్కటే గీయగలం, ఒక్క బిందువైతే ఎన్నైనా గీయొచ్చు. రహస్యాన్ని రేఖలో ఒక చోట దాచి, మనిషికో బిందువు పంచిపెట్టాలి. ఒకడి దగ్గరున్నదాంతో రహస్యంలో ఆవగింజంత కూడా తెలియదు. ముగ్గురు కలవాలంటే సరళరేఖ బదులు ఇంకొంచెం వంపున్న గీత. అంతే.

ఆ రెండు పేజీలు ముప్పై ఆరేళ్ళు ఆగి మా ఆఫీసుల్లోకి వచ్చాయి. 2015లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని హాషికార్ప్ వాల్ట్ అనే సాఫ్ట్‌వేర్ విడుదల చేసింది. కంపెనీ రహస్యాలన్నీ అందులో పెట్టుకోవచ్చు. మొదటిసారి మొదలుపెట్టినప్పుడు అది తన తాళంచెవిని అయిదు ముక్కలు చేసి అయిదుగురికిస్తుంది. ఏ ముగ్గురు కలిసినా తెరుచుకుంటుంది. సర్వర్ ఆగి మళ్ళీ లేస్తే ముగ్గురూ రావాల్సిందే. ఈ తంతు పెట్టుకోలేక ఇప్పుడు చాలామంది ఆ పనీ క్లౌడ్‌కే అప్పగించేశారు. అంతకంటే నాకు ముచ్చటేసేది ఇంకొకటి. ప్రోగ్రాంకి డేటాబేస్ కావాల్సొచ్చినప్పుడు వాల్ట్ అప్పటికప్పుడు ఒక కొత్త యూజర్నీ పాస్‌వర్డ్‌నీ పుట్టించి ఇస్తుంది, గంటకో పూటకో దాన్ని రద్దు చేసేస్తుంది. ఆ పాస్‌వర్డ్‌ని ఏ మనిషీ చూడడు. తెలుసుకునేలోపే అది పోతుంది. గిట్‌లో పడినా, చాట్‌లో పడినా, దొంగకి దొరికేది చెల్లని చీటీ.

ఇదంతా నాకిష్టమే. అది వచ్చాక నేను వెళ్ళిన ప్రాజెక్టులన్నిట్లోనూ పట్టుబట్టి పెట్టించాను. దీనివల్ల రాత్రులు నిద్రపోతున్నవాళ్ళలో నేనూ ఒకణ్ణి. అయితే దీనికి రెండో అంచు ఉందని ఈ మధ్యే బాగా తెలిసొచ్చింది. రహస్యాలు మనుషుల చేతుల్లోంచి ఒక వ్యవస్థలోకి వెళ్ళాక, మనుషుల రాకపోకలూ ఆ వ్యవస్థ మీదే నడుస్తాయి. ఒక్క లాగిన్‌తో అన్ని తలుపులూ తెరుచుకుంటాయి కదా, ఆ ఒక్కదాన్నీ ఆపేస్తే అన్నీ ఒకేసారి మూసుకుంటాయి. 2023 జనవరి 20న గూగుల్ 12 వేలమందిని తీసేసినప్పుడు, ఉద్యోగం పోయిన సంగతి కొందరికి పొద్దున్నే లాగిన్ కాకపోవడంతో తెలిసింది. రాత్రి ఏ వేళలోనో ఒక జాబితా నడిచింది. భద్రతాపరంగా చూస్తే తప్పుపట్టడానికేమీ లేదు. వెళ్ళిపోయేవాడి తాళంచెవి వెంటనే చెల్లకుండా పోవాలనేగా మేమంతా ఇన్నేళ్ళు మొత్తుకున్నది.

ఇదివరకు కాంట్రాక్టు ముగిస్తే రెండు వారాలు కేటీ, అంటే నాలెడ్జ్ ట్రాన్స్‌ఫర్, ఉండేది. పాస్‌వర్డులు, వాటి వెనకున్న కథలు, ఏ సెట్టింగ్ ముట్టుకుంటే ఏది కూలుతుందో అన్నీ కూర్చుని చెప్పేవాళ్ళం. వెళ్ళిపోయాక కూడా పాత క్లయింటు నుంచి ఫోన్లొచ్చేవి. విసుక్కుంటూనే చెప్పేవాళ్ళం, తర్వాతి ఉద్యోగానికి రిఫరెన్స్ ఆ ఫోన్లలోంచే పుట్టేది. మా మిత్రుడొకడికి క్రితం ఏడు డాలస్ దగ్గర ఉద్యోగం పోయింది. ఆ కంపెనీలో వాల్ట్ పెట్టించింది వాడే. వాడు లేకుండా డిప్లాయ్‌మెంట్లు మర్నాడే యథావిధిగా నడిచాయి, ఒక్కరూ ఫోన్ చెయ్యలేదు. హెచ్‌వన్ మీదున్నవాడికి ఇంకో ఉద్యోగం వెతుక్కోవడానికి ఉన్న గడువు ఎక్కువలో ఎక్కువ 60 రోజులు. ఒక ఇంటర్వ్యూలో, పాత కంపెనీలో నువ్వు చేసిన గొప్ప పనేమిటని అడిగితే, నేను లేకపోయినా నడిచేట్టు చేశాను, చూశారుగా నడుస్తోంది అన్నాడట. వాళ్ళు నవ్వి, గడువు ఇంకా కొద్దిరోజులుందనగా తీసుకున్నారు.

చేరగానే వాడికప్పజెప్పిన మొదటి పని, ఆ కంపెనీలో ఎప్పట్నుంచో ఉన్న ఒకావిడ ఎక్సెల్ షీటులో రాసుకున్న పాస్‌వర్డులన్నిటినీ తీసుకుని వాల్ట్‌లోకి ఎక్కించడం. మేనేజరు రెండుసార్లు గుర్తుచేసినా ఆవిడ షీటు ఇంకా పంపలేదట. వీడూ తొందరపెట్టడం లేదు.